బాటప్రక్క మూస్ దుప్పి

వన్యమృగమును చూచుటకు రెండు పద్ధతులు కలవు. దానిని మన యొద్దకు తెప్పించుకొని చూచుట యొకటి; మనమే దాని యింటికి పోయి చూచుట రెండవది. జంతుప్రదర్శనశాలలో మొదటి పద్ధతి. అక్కడ మనము టిక్కెట్టు కొని లోపలికి పోయి, ఏ బోనులో ఏ మృగమున్నదో పలకపై చదువుకొని, తోచినంతసేపు నిలిచి, తోచినప్పుడు మరలి వత్తుము. రెండవ పద్ధతిలో మన యిష్టముతో పని లేదు. కనబడుటయు, కనబడకపోవుటయు మృగము చేతిలోనిది. మనము అతిథులము, అదియు పిలువని అతిథులము. పిలువని పేరంటమునకు పోయినవారు ఎంత ఒదిగి యుండవలెనో, అడవిలో మనమంత ఒదిగి యుండవలెను. ఈ మాట నేను తరగతిలో పిల్లలకు పలుమారులు చెప్పితిని. కాని దాని అర్థము కన్నులార చూచినది కెనడా దేశములో, ఒక కారుబాట ప్రక్కన.

మా అబ్బాయి ఉద్యోగరీత్యా టొరంటో నగర సమీపమున కాపురమున్నాడు. 2022 వ సంవత్సరమున వేసవి గడుపుటకు నేనక్కడికి పోయితిని. ఆ నగరమునకు ఉత్తరముగా, కారులో ఇంచుమించు మూడు గంటల దూరమున, ఆల్గాంక్విన్ అను గొప్ప అరణ్యోద్యానము కలదు. దానిని ఒంటారియో ప్రభుత్వము 1893 లో ఏర్పరచినది. దాని వైశాల్యము సుమారు 7,600 చదరపు కిలోమీటర్లు. అందు వందలకొలది సరస్సులు, వాగులు, అడుగు వేసిన దిగబడు బురదనేలలు, స్ప్రూస్, పైన్, మేపుల్ వృక్షముల దట్టమైన అడవులు ఉన్నవి. లోపలి భాగమును పడవమీదనో, కాలినడకనో చూడవలసినదే. దక్షిణపు కొసన మాత్రము అరువదవ నంబరు రహదారి యొకటి, పడమటి ద్వారమునుండి తూర్పు ద్వారము వరకు 56 కిలోమీటర్ల దూరము, అడవిని చీల్చుకొని పోవును. 1930 ల దశకమున, ఆర్థికమాంద్యముచేత జనులు పనులు లేక అల్లాడుచున్న దినములలో, నిరుద్యోగులకు పని కల్పించుచు వేయించిన బాట అది.

ఈ బాటపై పోవుటకు మార్గదర్శి అక్కరలేదు. ద్వారముకడ రుసుము చెల్లించి, వారిచ్చిన చీటిని కారు ముందు అద్దమునొద్ద కనబడునట్లుంచి, ఎవరి కారును వారే నడుపుకొనుచు, కోరినచోట ఆగుచు పోవచ్చును. పడమటి ద్వారమునుండి ఎన్ని కిలోమీటర్లు వచ్చితిమో తెలుపు గుర్తులు దారి పొడవునను కలవు. నలుబది మూడవ కిలోమీటరుకడ సందర్శకుల భవనము, పదునైదవ కిలోమీటరు దాటగానే సరస్సులను చుట్టివచ్చు కాలిబాట, ఇట్లు ప్రతి స్థలమునకు ఆ లెక్కయే చిరునామా. మే, జూన్ నెలలలో ఇక్కడికి వచ్చువారిలో పెక్కుమంది కోరిక ఒక్కటే: మూస్‌ను చూడవలెను.

మూస్ దుప్పిజాతిలోని మృగము. ఆ జాతిలో దీనిని మించిన దేహము కలది మరియొకటి లేదు. బాగుగా ఎదిగిన మగ మూస్ 500 కిలోగ్రాములు దాటి తూగును. భుజముకడ దాని యెత్తు ఇంచుమించు మనిషి తలయెత్తు. మన కడతి, చుక్కల దుప్పి ఎంతటి అందగాండ్రో మీరెఱుగుదురు. మూస్ అట్టిది కాదు. పొడవైన కాళ్ళు, పొట్టి మెడ, భుజముపై మూపురము, క్రిందికి వ్రేలాడు లావైన పై పెదవి, గొంతు క్రింద గంటవలె ఊగు తోలు, వీనితో అది గుఱ్ఱమును, ఒంటెను, గేదెను చూచి తలా ఒక అవయవము అడిగి తెచ్చుకొన్నట్లు తోచును. కాని అందు ఒక్కటియు వ్యర్థము కాదు. ఆ పొడవైన కాళ్ళతోనే అది నడుమెత్తు మంచులో నడచును. చీలిన వెడల్పు గిట్టలతోనే బురదలో దిగబడక నిలుచును. ఆ పెదవితోనే కొమ్మను పట్టి ఆకులను దూసి తినును. మూస్ అను పేరే ఆ దేశపు ఆదివాసుల భాషనుండి వచ్చినది. ‘ఒలిచి తినునది’ అని దాని యర్థము చెప్పుదురు.

మగదాని కొమ్ములు అరచేయి చాచినట్లు పలకలుగా విచ్చుకొనును. ఆ రెండు కొమ్ముల కొసల నడుమ దూరము ఒకటిన్నర మీటరు వరకు ఉండును. అంతటి కొమ్ములు ప్రతి చలికాలమున రాలిపోయి, వసంతమున మరల మొలచును. పెరుగునంతకాలము వానిపై రక్తనాళములతో కూడిన మెత్తని మఖమలువంటి తోలు కప్పియుండును. వేసవి చివరకు ఆ తోలు ఎండగా, మూస్ కొమ్ములను చెట్లకు రుద్ది దానిని వదలించుకొనును.

ఇంతటి మృగము, అంత విశాలమైన అడవి ఉండగా, కార్లు తిరుగు బాటప్రక్కకే ఎందుకు రావలెను? అందులోనే అసలు కథ యున్నది. చలికాలమంతయు మూస్‌కు ఎండుపుల్లలును, చెట్ల కొసలును తప్ప వేరు తిండి లేదు. ఆ తిండిలో ఉప్పు బహుస్వల్పము. వసంతము వచ్చునప్పటికి దాని దేహము ఉప్పు కొఱకు అలమటించుచుండును. సరస్సుల అడుగున పెరుగు నీటిమొక్కలలో ఉప్పు కలదు. వాని కొఱకు మూస్ నీటిలో మునిగి మేయును కూడ. కాని అవి ఎదుగుటకు వేసవి రావలెను. ఇంతలో దానికి మరియొక ఆధారము దొరకినది. చలికాలమున మనుష్యులు రహదారిపై మంచు గడ్డకట్టి కార్లు జాఱకుండుటకై ఉప్పు చల్లుదురు. మంచు కరగినప్పుడు ఆ ఉప్పు నీటితో కలిసి బాటప్రక్క కందకములలో చేరును. మన పల్లెలలో పశువులు చవుడు నేలను నాకుటకు పరుగెత్తునట్లే, మూస్ ఆ ఉప్పునీటికై కందకము చేరును. మనుష్యులు తమ ప్రాణరక్షణకై చల్లిన ఉప్పు మృగమునకు విందై, ఆ విందే దానిని చక్రముల ముందునకు పిలుచుచున్నది. చూడవచ్చినవారికి ఇది అదృష్టము. మృగమునకు మాత్రము ఇది అపాయము.

జూన్ మొదటి వారమున, హంట్స్‌విల్ అను పట్టణమున రాత్రి బసచేసి, తెల్లవారుజామున నాలుగున్నరకే బయలుదేరితిమి. మా అబ్బాయి కారు నడుపుచుండెను. కోడలు, పండ్రెండేండ్ల మనుమడు, నేను కిటికీలకు కన్నులప్పగించి కూర్చుంటిమి. కోడలు అంతకుముందు ఒకమారు ఆ దారిని వచ్చినది. ఆమె నాకొక ఉపాయము చెప్పినది.

“మామయ్యగారూ, మూస్ కోసం వెదకవద్దండి. అడవిలో చెట్లన్నీ నిలువుగా ఉంటాయి గదా! వాటి నడుమ అడ్డంగా నల్లని గీత ఏదైనా ఉన్నదేమో చూస్తూ ఉండండి. ఉంటే అది దాని వీపు.”

చూచుట యనగా కన్ను తెఱచియుండుట కాదనియు, ఏమి చూడవలెనో తెలిసియుండుట యనియు ఆ యొక్క మాటలో నాకు తోచెను. మొదటి గంటలో మనుమడు మూడుమారులు “మూస్!” అని కేకవేసెను. మొదటిది గాలికి కూలిన చెట్టు వేరుమోడు, రెండవది బండరాయి, మూడవది మరియొక మోడు. ఒకచోట కారు ప్రక్కకు తీసి దిగితిమి. కందకపు బురదలో రెండు చీలికల గిట్టజాడలు, ఒక్కొక్కటి నా అరచేతికంటె పొడవైనవి, అప్పుడే నీరూరుచుండెను. అనగా మేము వచ్చుటకు కొంచెము ముందే ఆ మృగము అటు పోయినదన్నమాట. పైని కొమ్మల ఆకులు మనిషి చేతికందని యెత్తువరకు దూసియుండెను. ఈలోగా నల్ల ఈగలు మా చెవుల వెనుక చేరి రక్తము వచ్చునట్లు కుట్టసాగెను. ఆ నెలలో ఆ యీగల బాధ పడనిదే ఆ యడవి తన ముఖము చూపదని అక్కడివారు నవ్వుచు చెప్పుదురు.

ఇరువదియైదవ కిలోమీటరు దాటిన పిదప కోడలు చెప్పిన అడ్డగీత నిజముగనే కనబడెను. అబ్బాయి వెనుక వాహనము లేదని చూచుకొని, వేగము మెల్లగా తగ్గించి, బాట యంచున చాలదూరముననే కారు నిలిపి, యంత్రమును ఆపెను. అది మగ మూస్. క్రొత్తగా పెరుగుచున్న కొమ్ములు మఖమలు తోలుతో మొద్దుబారి, రెండు మూరలకు మించక యుండెను. చలికాలపు వెండ్రుకలు అక్కడక్కడ ఊడి, దేహము మాసికలు వేసిన కంబళివలె ఉండెను. కందకములోని నీరు బహులోతున నుండెను. దాని మెడ పొట్టిది. అప్పుడది ముందుకాళ్ళను వంచి, మోకాళ్ళపై నిలిచి, నీటికి మూతి నానించెను. అంతటి దేహము మోకరిల్లి త్రాగుచుండగా, ఆ నిశ్శబ్దములో నీటిని పీల్చు ధ్వని మాకు స్పష్టముగా వినబడెను. దాని చెవులు మాత్రము తలతో సంబంధము లేనట్లు, ఒకటి అడవివైపునకు, ఒకటి మావైపునకు తిరుగుచుండెను. మూస్‌కు చూపు మందము. వినికిడియు, వాసన పట్టుటయు మిక్కిలి చురుకు. మేము వచ్చిన సంగతి దానికి తెలియును. తెలిసియు మమ్ము లెక్కపెట్టలేదు. పదినిమిషములు త్రాగి, లేచి, అడుగులో అడుగు వేయుచు చెట్ల నడుమకు పోయెను. అంతటి మృగము పోయిన జాడకు ఒక్క పుల్లయైనను విఱిగిన చప్పుడు కాలేదు.

ఎనిమిది గంటల వేళకు మరియొక దృశ్యము మా కంటబడెను. కుడిప్రక్క కందకములో ఆడు మూస్ నీరు త్రాగుచుండెను. ఎడమప్రక్క చెట్ల యంచున ఎఱ్ఱమట్టిరంగు పిల్ల యొకటి నిలిచియుండెను. మూస్ పిల్ల పుట్టినప్పుడు సుమారు 15 కిలోగ్రాములుండును. దానికి చుక్కల దుప్పి పిల్లవలె మచ్చలుండవు. ఇది పుట్టి రెండు వారములైన కాలేదేమో, కాళ్ళు ఇంకను తడబడుచుండెను. తల్లి బాటను దాటి వచ్చినది. పిల్ల దాటుటకు జంకినది. ఈ లోపల మాకు ముందే రెండు కార్లు ఆగెను. ఎదుటినుండి వచ్చినవి మరి మూడు ఆగెను. చూచుచుండగనే తల్లికిని పిల్లకును నడుమ ఇనుపగోడ లేచినట్లయ్యెను. కొందఱు తలుపులు తెఱచి దిగిరి. ఒకడు సెల్‌ఫోను చేతబట్టుకొని పిల్ల యున్న వైపునకు నడువసాగెను. అతనికి చెడు తలంపు లేదు. మంచి ఫొటో కావలెను, అంతే.

తల్లి తల యెత్తినది. దాని చెవులు వెనుకకు వాలి మెడకంటుకొన్నవి. మూపురముపై వెండ్రుకలు నిక్కబొడుచుకొన్నవి. అది దాని భాషలో తుది హెచ్చరిక. పిల్లగల మూస్ తోడేలునైనను, ఎలుగుబంటినైనను ముందుకాళ్ళతో తన్ని ఎదిరించును. మనిషి దానికొక లెక్క కాదు.

మా అబ్బాయి హెచ్చరిక దీపములు వెలిగించి, కారును మెల్లమెల్లగా ఏబది అడుగులు వెనుకకు నడిపెను. నేను కిటికీ దించి, పెదవిపై వ్రేలుంచి, రెండవ చేతితో ‘వెనుకకు, వెనుకకు’ అని ప్రక్కవారికి సైగ చేసితిని. ముప్పదియైదేండ్లు తరగతిగదిలో చేసిన సైగ అది. భాషతో దానికి పని లేదు. ముందున్న కారువారు చూచి తామును వెనుకకు జరిపిరి. ఎదుటి కారులోని వృద్ధురాలొకతె ఫొటో తీయుచున్న వానిని మెల్లగా పిలిచి, తల్లివైపు చూపినది. అతడు తల త్రిప్పి దాని చెవులను చూచి, మాఱుమాట లేక తన కారు చేరెను. ఇంతలో తూర్పునుండి దుంగలు మోయు లారీ యొకటి మలుపు తిరిగి వచ్చుచుండెను. మా గుండెలు గుబగుబలాడెను. ఎదుటి కార్లవారు దీపములు మార్చి మార్చి వెలిగించిరి. లారీ బ్రేకులు బుస్సుమనెను. ఆ పెద్ద బండి చాల దూరముననే నిలిచెను.

అప్పుడు బాట ఖాళీ యయ్యెను. తల్లి చిన్నగా మూలిగినట్లు పిలిచినది. పిల్ల బాటపై రెండడుగులు వేసి, నల్లని తారును మూతితో వాసన చూచి, ఆగి, ఒక్క పరుగున దాటి తల్లి పొట్టక్రింద దూరెను. మఱుక్షణమున ఆ రెండును అడవిలో లేవు, అడవియే ఉన్నది. ఎవ్వరును చప్పట్లు కొట్టలేదు. లారీ నడుపువాడు చేయి యెత్తి చూపి సాగిపోయెను.

మనుమడు తన ఫోనులోని చిత్రమును తెఱచి చూచెను. పచ్చని చెట్లముందు గోధుమరంగు చుక్క తప్ప అందేమియు లేదు.

“తాతయ్యా, ఫొటోలో ఏమీ పడలేదు. అయినా దాని చెవులు ఎట్లా వాలినవో ఇప్పుడు బొమ్మ వేయమన్నా వేస్తాను” అనెను.

ఆ సాయంకాలము చీకటి పడకముందే మేము అడవి దాటితిమి. అందుకు కారణము కలదు. మూస్ దేహము చీకటిలో చీకటివలె నుండును. దాని కాళ్ళు పొడవగుటచేత కారుదీపముల వెలుగు కాళ్ళపై పడునే కాని, కన్నులవరకు పోదు; కనుక ఇతర మృగముల కన్నులవలె దాని కన్నులు మెఱయవు. కారు తగిలినచో కాళ్ళు తెగి, అంతటి దేహము ముందు అద్దముపై కూలును. మృగమును మనిషియు కలిసి మరణించుటయు కలదు. అందుచేతనే ఆ దేశమున బాటప్రక్కల మూస్ బొమ్మతో హెచ్చరిక పలకలు నాటుదురు. క్విబెక్ రాష్ట్రములోని లారెంటైడ్స్ వన్యప్రాంతమున మరియొక అడుగు ముందునకు వేసి, బాటప్రక్క ఉప్పుమడుగులను రాళ్ళతో పూడ్చి, మృగములకై దూరముగా అడవి లోపల వేఱు ఉప్పుమడుగులను ఏర్పరచి చూచిరి. ఉప్పు మానుమని మృగమునకు చెప్పలేము. కాని ఉప్పు ఉండు చోటును మనము మార్చవచ్చును.

మూస్‌కు బాట యొక్కటే శత్రువు కాదు. శీతకాలపు పిడుదులు ఒక్కొక్క మృగమునకు వేలకు వేలు పట్టి రక్తము పీల్చును. మంచు ఆలస్యముగా పడి, త్వరగా కరగు సంవత్సరములలో అవి మరింత పెచ్చు పెరుగును. లోకమున వేడిమి హెచ్చుట యను మాట మనకు వార్త. బక్కచిక్కిన మూస్‌కు అది వీపుమీది బరువు.

బాలలారా, కెనడా దూరదేశము. మీరు మూస్‌ను చూతురో చూడరో! కాని ఈ కథలోని బాట మనకును కలదు. దోర్నాలనుండి శ్రీశైలమునకు పోవు దారి నల్లమల అడవిలోనుండి, పెద్దపులుల సంరక్షణ ప్రాంతములోనుండి పోవును. రాత్రివేళ అక్కడ వాహనములను నిలిపివేయుదురు. ప్రయాణికులలో కొందఱు దీనికి విసుగుకొందురు. ఆ కొన్ని గంటలైనను బాటను దాని అసలు యజమానులకు విడిచిపెట్టుచున్నామని తెలిసినవారు విసుగుకొనరు. మన కొండదారులలో కోతులకు అరటిపండ్లు, బిస్కత్తులు విసరుటయు మీరు చూచియుందురు. విసరువారు పుణ్యమని తలంతురు. కాని అక్కడ ఉప్పు చేసిన పనినే ఇక్కడ ఆ పండు చేయుచున్నది. అడవిలో వెదకి తినవలసిన జీవి బాటప్రక్క కాచుకొని కూర్చుండుట నేర్చి, ఒకనాడు చక్రముక్రింద పడుచున్నది. అక్కడ ఉప్పు చల్లక తీరదు. మంచు ప్రాణములు తీయును. ఇక్కడ పండు విసరకున్నచో ఎవరి ప్రాణమునకును లోపము లేదు.

మృగమును ప్రేమించుట యనగా దాని దగ్గరకు పోవుట యని మన మనస్సు తొందరపెట్టును. ఎంత దూరమున నిలిచిన దాని పని చెడకుండునో తెలిసికొని, అంత దూరమున నిలువగలిగినవాడే దానిని నిజముగా ప్రేమించువాడు. అట్టివానికి తఱచుగా చుక్కవంటి చిత్రమే దక్కును. కాని పిల్ల తల్లిని చేరును.